చోడంబలి కుండలో పీహెచ్ పేపర్

మొన్న ఎండాకాలం సెలవులకి ఊరెళ్ళినప్పుడు మా నాన్నమ్మ అంబలి పిండిలో పులుపు కొలిచే పీహెచ్ పేపర్ ముంచాను. పిచ్చెక్కిందనుకోకండి, నేను విజయనగరంలో ఒక జూనియర్ కాలేజీలో బయాలజీ చెప్తాను కదా, ల్యాబ్ సర్దేటప్పుడు సగం వాడేసిన పేపర్ బుక్‌లెట్ ఒకటి మిగిలిపోతే బ్యాగులో పడేసుకున్నా. ఇంటికెళ్ళాక ఊసుపోక కనబడిన ప్రతిదాంట్లో ముంచడం మొదలెట్టా, బోరు నీళ్ళు, చింతపండు రసం, పెరుగు మీద తేరిన నీళ్ళు, ఆఖరికి మా నాన్న గ్యాస్‌కి తాగే గులాబీ రంగు మందు కూడా. మా ఊరు రాజాం దగ్గర, 2022లో జిల్లాలు మార్చాక మేం శ్రీకాకుళం వాళ్ళమా విజయనగరం వాళ్ళమా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తేలలేదు, నాన్నమ్మ మాత్రం చచ్చేదాకా సిక్కోలే అంటుంది.

అంబలి దగ్గరికొచ్చేసరికి చిక్కొచ్చిపడింది. చోడిపిండి, అదే రాగిపిండి, రంగు పేపర్‌కి పట్టేసి అది నారింజో గోధుమో తెలిసి చావట్లేదు. నేను పేపర్ మీద పేపర్ వేస్ట్ చేస్తుంటే నాన్నమ్మ చూసి,

"ఏటే పిల్లా, ఆ కాయితం ముక్కలేటి? తినీదాన్లో ముంచుతన్నావేటి?"

"పులుపెంతుందో చూస్తున్నానే."

"నాలిక లేదేటి నీకు?"

అనేసి, అలా అంటూనే కుండ కదపకుండా పైన తేరుకున్న తేట ఒక గరిట తీసి గ్లాసులో పోసిచ్చింది. నాకు తట్టలేదు చూడండి ఆ మాత్రం, ఎంఎస్సీ మైక్రోబయాలజీ అని గోడ మీద సర్టిఫికెట్ వేలాడుతోంది. తేటలో ముంచితే రంగు శుభ్రంగా తేలింది, 4 దగ్గర.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ నాలిక మాటే బుర్రలో తిరుగుతోంది. ఎందుకంటే నేను ఎంఎస్సీలో ఆర్నెల్లు చేసిన ప్రాజెక్టు సరిగ్గా దాని మీదే, నాలిక లేని జీవి పులుపుని ఎలా కనిపెడుతుంది, కనిపెట్టాక లోపల ఏ జీన్లు ఆన్ చేస్తుంది, ఏవి ఆఫ్ చేస్తుంది అని. అప్పట్లో రికార్డు రాసి మార్కులు తెచ్చుకుని మర్చిపోయా, ఇప్పుడు తీరిగ్గా ఆలోచిస్తుంటే ఇదంతా ఎవరికైనా చెప్పాలనిపించింది, ఇంట్లో వినేవాళ్ళు లేరు కాబట్టి మీకు తగిలింది.

ముందు ఆ 4 అంటే ఏంటో. పీహెచ్ స్కేలు 1909లో సోరెన్‌సన్ అనే ఆయన పెట్టాడు, కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ వాళ్ళ ల్యాబ్‌లో పనిచేసేవాడు, పులియబెట్టడం సరిగ్గా రావాలంటే పులుపు కొలవాలి కదా, ఆ అవసరం లోంచి పుట్టిన స్కేలు. ఒక్కో అంకె తగ్గితే ప్రోటాన్లు, అంటే పులుపుకి మూలమైన హైడ్రోజన్ అయాన్లు, పది రెట్లు పెరుగుతాయి, అంటే 7లో ఉన్న నీళ్ళకీ 4లో ఉన్న అంబలి తేటకీ తేడా వెయ్యి రెట్లు. పిల్లలకి ఇది చెప్తే రాసుకుంటారు గానీ ఒంటికి ఎక్కదు, అందుకని నేను ఇంకో లెక్క చెప్తా. ఈ. కోలై అనే బ్యాక్టీరియా ఉంది కదా, మన పేగుల్లో ఉండేది, అది బయట 5 ఉన్నా 9 ఉన్నా తన లోపల మాత్రం 7.6 చుట్టుపక్కలే పెట్టుకుంటుంది. దాని ఒళ్ళు ఎంత, లీటరుని కోటి కోట్లు చేసి అందులో ఒక భాగాన్ని మళ్ళీ పది ముక్కలు చేస్తే ఒక ముక్కంత. అంత చోటులో 7.6 దగ్గర విడిగా తిరిగే ప్రోటాన్లు ఎన్నుంటాయో లెక్కేస్తే 15 వస్తుంది. పదిహేనే! అదే అంత చోటు అంబలి తేట తీసుకుంటే 60 వేలు. పల్చటి పొర ఒకటి అడ్డం, లోపల 15 మంది, బయట 60 వేల మంది తోసుకుంటూ. సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నట్టు.

ఐతే ప్రోటాన్ అంటే దానికి శత్రువే అనుకుంటే పొరపాటు, నిజానికి అదే దాని కరెంటు. బయట్నుంచి ప్రోటాన్లు ఒక మోటారు లాంటి ప్రోటీన్ గుండా లోపలికొస్తుంటే ఆ తిరుగుడుకే కణానికి ఇంధనమైన ఏటీపీ తయారౌతుంది, గేట్లు ఎత్తితే నీళ్ళకి టర్బైన్ తిరిగినట్టు. కొంచెం వస్తే కరెంటు, ఎక్కువొస్తే వరద. వరదొస్తే లోపల ప్రోటీన్ల మీద ఛార్జీలు మారిపోయి మడతలు విడిపోతాయి, ఎంజైములు పనిచెయ్యవు, డీఎన్ఏ కూడా దెబ్బతింటుంది. మరి నాలిక లేకుండా వరద వస్తోందని తెలిసేదెలా అంటే, ప్రోటీన్లలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది, దాని గుణం ఏంటంటే పీహెచ్ 6 చుట్టుపక్కల అది ప్రోటాన్‌ని పట్టుకోవడం వదలడం చేస్తుంది, పట్టుకుంటే పాజిటివ్ ఛార్జి వస్తుంది, ఛార్జి రాగానే ప్రోటీన్ కాస్త ఒళ్ళు విరుచుకున్నట్టు ఆకారం మారుతుంది. అంతే, అదే నాలిక. కొన్ని సెన్సర్లలో ఈ పని గ్లుటమేట్, ఆస్పార్టేట్ లాంటివి కూడా చేస్తాయి. పొరలో కూర్చున్న సెన్సర్ ప్రోటీన్ ఆకారం మారితే తన మీద ఒక ఫాస్ఫేట్ తగిలించుకుని లోపలున్న ఇంకో ప్రోటీన్‌కి అందిస్తుంది, అది పోయి డీఎన్ఏ మీద కూర్చుని జీన్లు లేపుతుంది. పుస్తకాల్లో టూ కాంపొనెంట్ సిస్టం అంటారు, కబురు తెచ్చేవాడొకడు, కబురందుకుని పని చేసేవాడొకడు.

ఇప్పుడు నా ప్రాజెక్టు గోల. గైడ్ గారు ఇచ్చిన పని తేలికే, రాత్రంతా పెంచిన ఈ. కోలైని పీహెచ్ 2.5 ఉన్న ద్రావణంలో, అంటే కడుపంత పులుపులో, రెండు గంటలు ఉంచి ఎన్ని బతికాయో ప్లేట్ల మీద లెక్కెట్టడం. మొదటి రోజు లెక్కెట్టలేనన్ని కాలనీలు, అంటే బతికిన ఒక్కోటీ పెరిగి కట్టిన చుక్కలు, ప్లేటంతా పాచి పట్టినట్టు. బాగుంది అనుకున్నా. రెండో రోజు రాత్రి హాస్టల్లో కబుర్లు చెప్పుకుని పడుకునేసరికి రెండయ్యింది, కల్చర్ వెయ్యడం మర్చిపోయా, పొద్దున్న గాభరాగా వేసేసి మూడు గంటలు షేకర్లో తిప్పి, చక్కగా మబ్బు పట్టింది కదా చాల్లే అని అదే వాడేశా. మర్నాడు ప్లేట్లు అద్దంలా ఉన్నాయి. ఒక్క కాలనీ లేదు. సార్‌కి చెప్తే పీహెచ్ మీటర్ కాలిబ్రేట్ చేశావా అన్నారు, చేశా, కొత్త బఫర్లు కలిపావా అన్నారు, కలిపా, ఆటోక్లేవ్ చేశాక పీహెచ్ చూశావా, చూశా. మూడు వారాలు పోయాయి నాయనా. ఒకరోజు వస్తుంది ఒకరోజు రాదు, రికార్డులో పెన్సిల్‌తో కంటామినేషన్ అని రాసి పక్కన ప్రశ్నార్థకం పెట్టుకున్నా. చివరికి పక్క బెంచీ మీద పనిచేసే సీనియర్ అక్క ఒకావిడ, క్యారేజీ తింటూ తింటూ, "నీ కల్చర్ వయసెంత?" అంది. ఎవరూ అడగని ప్రశ్న అదొక్కటే.

రాత్రంతా పెరిగిన బ్యాక్టీరియాకి తెల్లారేసరికి తిండి అయిపోతుంది, కరువు కాలం మొదలౌతుంది, అప్పుడు అది ఆర్‌పీఓఎస్ అనే సిగ్మా ఫ్యాక్టర్‌ని బయటికి తీస్తుంది. సిగ్మా ఫ్యాక్టర్ అంటే ఆర్ఎన్ఏ తయారుచేసే మిషన్‌కి ఏ జీన్ దగ్గర ఆగాలో చూపించే మనిషి అనుకోండి, మామూలు రోజుల్లో ఒకడుంటాడు, కష్టకాలంలో వీడొస్తాడు, వీడొచ్చాడంటే ఆకలికి, వేడికి, ఉప్పుకి, పులుపుకి అన్నిటికీ ఒకేసారి సామాను సర్దేస్తాడు. అంటే నా రాత్రి కల్చర్ ఇంకా ఆసిడ్ చూడకముందే తయారై కూర్చుంది. పొద్దున్న వేసిన మూడు గంటల కల్చర్ నిండుగా తిని హాయిగా పెరుగుతోంది, దానికే ముందస్తు కబురూ లేదు, ఒక్కసారి 2.5లో పడేస్తే చచ్చూరుకుంది. మీటర్ తప్పు కాదు బఫర్ తప్పు కాదు, నా కబుర్ల తప్పు.

ఆ బతికినవి ఎలా బతికాయి అంటే అందులో నాకు బాగా ఇష్టమైన సంగతి ఉంది. ఆ ద్రావణంలో కొంచెం గ్లుటమేట్ కలిపేవాళ్ళం, నూడిల్స్ బండి దగ్గర టేస్టింగ్ సాల్ట్ అని చల్లుతాడు చూడండి, అదే సరుకు. అది కలపకపోతే రాత్రి కల్చర్ కూడా బతకదు. బ్యాక్టీరియా గ్లుటమేట్‌ని లోపలికి లాక్కుని గ్యాడ్ ఎంజైములతో దాన్ని విరగ్గొడుతుంది, విరిగేటప్పుడు లోపలికి చొరబడ్డ ప్రోటాన్ ఒకటి అందులో కలిసిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ పోతుంది, మిగిలేది గాబా, అవును మన మెదడులో నరాలని నెమ్మదింపజేసే ఆ గాబానే. తర్వాత గ్యాడ్‌సీ అనే గుమ్మం ఆ గాబాని బయటికి పంపి అదే చేత్తో ఇంకో గ్లుటమేట్‌ని లోపలికి తెస్తుంది. పడవలోకి వచ్చిన నీళ్ళు చెంబుతో తోడి పోస్తూ ఉండటమే. ఇంకా పొరకీ పొరకీ మధ్య హెచ్‌డీఈఏ అనే బుల్లి ప్రోటీన్ ఉంటుంది, మామూలప్పుడు రెండు రెండుగా ముడుచుకుని పనీ పాటా లేకుండా ఉంటుంది, పీహెచ్ 3 కంటే దిగిపోతే మిగతా ప్రోటీన్లన్నీ మడత విడిపోయి పాడైపోతుంటే ఇది కూడా విడిపోతుంది, కానీ విడిపోవడమే దీని పని, అలా విడిపోయి పక్కవాటికి అతుక్కుని అవి ముద్దకట్టకుండా కాస్తుంది. జీన్ ఆన్ అయ్యేదాకా ఆగక్కర్లేదు, పులుపే స్విచ్చి.

ఈ గ్యాడ్ జీన్లని లేపడానికి ఎంత తతంగమో. ఎవ్‌జీఎస్ అనే సెన్సర్ ఎవ్‌జీఏకి చెప్తుంది, అది వైడీఈఓకి, అది గ్యాడ్‌ఈకి, గ్యాడ్‌ఈ పోయి అసలు జీన్ల దగ్గర సంతకం పెడుతుంది. ఇది కాక గ్యాడ్‌ఎక్స్, గ్యాడ్‌డబ్ల్యూ, ఆర్‌పీఓఎస్, మామూలుగా ఈ జీన్లని నొక్కి పట్టుకునే హెచ్ఎన్ఎస్. కలెక్టరేట్‌లో ఫైలు కదిలినట్టే, కలెక్టరు, ఆర్డీవో, తహశీల్దారు, వీఆర్వో. ఇంతమంది ఎందుకు అని నేను అప్పట్లో విసుక్కునేదాన్ని, బట్టీ కొట్టాలి కదా. ఇప్పుడు అర్థమౌతోంది, ఒక్కొక్కరి దగ్గరా ఒక్కో సమాచారం కలుస్తుంది, ఆకలుందా, ఆక్సిజన్ ఉందా, వయసెంత, పులుపెంత. గ్లుటమేట్ అంటే తిండి కూడా కదా, ఊరికే తగలేసుకోకూడదు.

నాకు అనిపించేదేంటంటే, మనం పులుపుని బ్యాక్టీరియాకి వచ్చిన ఆపద అని మాత్రమే చెప్తాం, క్లాసులో నేనూ అలాగే చెప్తాను, ఆసిడ్ స్ట్రెస్ అని. కానీ దానికి అది ఊరి పేరు బోర్డు కూడా. రాత్రి రైల్లో కళ్ళు మూసుకుని పడుకున్నా జీడిపప్పు కాల్చిన వాసనొస్తే పలాస వచ్చిందని మనకి తెలిసిపోతుంది, బ్యాగులు సర్దుకోవాలా ఇంకా పడుకోవచ్చా అన్నది అప్పుడు తేల్చుకుంటాం. బ్యాక్టీరియాకి కళ్ళు లేవు, ఎక్కడున్నానో అన్నది ఇలాంటి వాసనల మీదే. 2 ఉంటే కడుపు, కాసేపటికి మళ్ళీ 7కి దగ్గరికొస్తే పేగు వచ్చేసింది, 5 అయితే ఎవడో నన్ను మింగేశాడు.

ఆ మింగడం కథ టైఫాయిడ్‌ది. మా వైపు జ్వరం నాలుగు రోజులు దాటితే వైడల్ టెస్టు రాసిచ్చేస్తారు, మా తమ్ముడికి ఇంటర్ పరీక్షల ముందు వచ్చి నెల్లాళ్ళు జావ మీద ఉన్నాడు. టైఫాయిడ్ తెచ్చేది సాల్మొనెల్లా, దాన్ని మన ఒంట్లో మాక్రోఫేజ్ అనే తెల్లకణం మింగి ఒక సంచీలో పెట్టి ఆ సంచీలోకి ఆసిడ్ పంపు చేస్తుంది, చంపేద్దామని. సంచీలో పీహెచ్ 5కి దిగుతుంది. సాల్మొనెల్లా పొరలో ఫోక్యూ అనే సెన్సర్ ఉంటుంది, అది పులుపునీ, మెగ్నీషియం తగ్గడాన్నీ, మన ఒళ్ళు వదిలే చిన్న చిన్న విషపు పెప్టైడ్‌లనీ, అన్నిటినీ కనిపెడుతుంది. ఓహో లోపలికొచ్చేశాం అని తెలియగానే తన పై కోటు మార్చుకుంటుంది, ఇంకో జీన్ల గుంపుని లేపి సూది లాంటి యంత్రం ఒకటి కట్టడం మొదలెడుతుంది. అంటే మనం చంపడానికి పోసిన ఆసిడే దానికి పని మొదలెట్టమన్న గంట. ఇంకా తమాషా, ఈ సంగతి 2010లో బయటికొచ్చింది, పీహెచ్ 5లో సూది తయారౌతుంది గానీ మందు వదలదు, ఆ సూది మొన సంచీ గోడకి కన్నం పెట్టి అవతల కణం లోపలి ద్రవాన్ని, 7.2 ఉండేదాన్ని, తాకినప్పుడే తన ప్రోటీన్లు వదులుతుంది. సూది దిగిందా లేదా అన్నది కూడా పులుపు పోవడాన్ని బట్టే. ఈ పనంతా ఎక్కువగా టైఫాయిడ్ బ్యాక్టీరియాకి దగ్గర చుట్టం, టైఫీమ్యూరియం అనే దాని మీద చేశారు. మా తమ్ముడికి ఇది చెప్తే నాకు జ్వరం మళ్ళీ వస్తోంది అని లేచెళ్ళిపోయాడు.

ఐతే ఒక్క వాసన చూసి దిగిపోతే మోసపోతాం, పలాస కాకుండా ఎవరో డబ్బీలో వేయించిన జీడిపప్పు విప్పి ఉండొచ్చు కదా. అందుకే చాలా చోట్ల రెండో సాక్షి కావాలి. ఈ. కోలైలో క్యాడ్‌సీ అని ఒక సెన్సర్ ఉంది, ఇందాక చెప్పినట్టు ఇద్దరు మనుషులు కాదు, ఒకే ప్రోటీన్ ఒక చివర పొర బయటా ఇంకో చివర లోపల డీఎన్ఏ మీదా. ఇది లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టే జీన్లని లేపుతుంది, గ్లుటమేట్ పద్ధతే, ఇక్కడ వచ్చేది కెడవరిన్, కుళ్ళిన మాంసం కంపు కొట్టేది. పులుపుంది కానీ లైసిన్ లేదు, అప్పుడు ఈ జీన్లు లేపి ఏం లాభం, చెంబు ఉంది పట్టుకోవడానికి చెయ్యి లేదు. అందుకని లైసిన్ లేనప్పుడు లైస్‌పీ అనే ఇంకో ప్రోటీన్ క్యాడ్‌సీని పట్టుకుని కదలనివ్వదు, లైసిన్ దొరికితే వదిలేస్తుంది. పులుపూ ఉండాలి లైసినూ ఉండాలి, రెండూ ఉంటేనే పని. కెడవరిన్ ఎక్కువైతే అదే వచ్చి చాలు ఆపమంటుంది. పులుపులో పెరిగిన బ్యాక్టీరియాలో ఇలాంటి ఎంజైములు ఎక్కువౌతాయని గేల్, ఎప్స్ అనే ఇద్దరు 1942లోనే రాశారు, డీఎన్ఏ మెట్ల నిచ్చెనలా ఉంటుందని లోకానికి తెలియడానికి పదకొండేళ్ళ ముందు. ఏ జీన్ అని తెలీదు ఎలా అని తెలీదు, కానీ చూశారు, రాసి పెట్టారు.

మొక్కల్లో కూడా ఇంతే. ఆగ్రోబ్యాక్టీరియం మట్టిలో ఉంటుంది, గాయమైన మొక్కని పట్టుకుని కణితి లేపుతుంది, దానికి గాయం రసంలోని అసిటోసిరింగోన్ అనే పదార్థం, చక్కెరలు, వాటితో పాటు పీహెచ్ 5.5 దగ్గర పులుపు, ఇవన్నీ కలిస్తేనే ఆ కణితి పనికి కావాల్సిన వీఐఆర్ జీన్లు బాగా లేస్తాయి. ల్యాబుల్లో దీనితోనే మొక్కల్లోకి కొత్త జీన్లు ఎక్కిస్తారు, పీహెచ్ చూసుకోకుండా చేస్తే పని అవదు, ఇది కూడా ఎవరో మూడు వారాలు పోగొట్టుకునే కనుక్కుని ఉంటారు.

హెలికోబ్యాక్టర్ గురించి చెప్పకపోతే మా నాన్న ఊరుకోడు, ఎండోస్కోపీలో ఆయనకి అదే వచ్చింది. కడుపులోనే కాపురం పెట్టే బ్యాక్టీరియా, మార్షల్ అనే ఆస్ట్రేలియా డాక్టరు 1984లో దాని కల్చర్ తనే తాగేసి గ్యాస్ట్రైటిస్ తెచ్చుకున్నాడు, 2005లో వారెన్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు. అది యూరియాని విరగ్గొట్టి అమోనియా చేసుకుని తన చుట్టూ పులుపు చంపుకుంటుంది. యూరియా లోపలికి రావడానికి ఒక గొట్టం ఉంది, బయట పులుపెక్కితేనే తెరుచుకుంటుంది, లేకపోతే మూసేసి ఉంటుంది, ఎందుకంటే పులుపు లేనప్పుడు కూడా అమోనియా చేస్తే తన క్షారానికి తనే చస్తుంది.

ఇంతవరకూ పులుపుని చదవడం గురించి చెప్పా, ఇంకోటుంది, పులుపు వీటి మాటల్ని కూడా మార్చేస్తుంది. బ్యాక్టీరియాలు ఒకదానికొకటి రసాయనాలు వదులుకుని మనం ఎంతమందిమి ఉన్నాం అని లెక్క చూసుకుంటాయి, క్వోరం సెన్సింగ్ అంటారు. కొన్నిటి మాట ఏహెచ్ఎల్ అనే పదార్థం, దాంట్లో ఒక చిన్న వలయం ఉంటుంది, పులుపులో బాగానే ఉంటుంది గానీ క్షారంలో ఆ వలయం తెగిపోయి మాట మాటలా ఉండదు, అరుస్తున్నా అవతలివాడికి వినబడదు. మళ్ళీ ఆసిడ్ పోస్తే వలయం మూసుకుంటుంది, మాట తిరిగొస్తుంది. స్టెఫైలోకాకస్ ఆరియస్, సెగ్గడ్డలు లేపేది, దాని పద్ధతి వేరు, ఏజీఆర్ అనే గొంతు ఉంటుంది దానికి, పీహెచ్ 7 దగ్గర గట్టిగా పనిచేసి విషాలు వదిలే జీన్లని లేపుతుంది, చక్కెర తిని తన చుట్టూ తనే పులుపు చేసుకున్నప్పుడు ఆ గొంతు తగ్గిపోతుంది. మన చర్మం పీహెచ్ సుమారు 5 అన్న సంగతి పక్కనే పెట్టి చూస్తే నాకు సబ్బు యాడ్‌లు చూసినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది.

ఇక మా నాన్న గ్యాస్ బిళ్ళలు. ఊళ్ళో సగం మంది పొద్దున్న లేవగానే పరగడుపున వేసుకుంటారు, డాక్టరు రెండు వారాలకి రాస్తే రెండేళ్ళు వాడతారు. కడుపులో పులుపనేది మొదటి కాపలా. వాలంటీర్ల మీద చేసిన కలరా పరిశోధనల్లో సోడా బైకార్బొనేట్ తాగించి కడుపు పులుపు తగ్గిస్తే జబ్బు తేవడానికి వేల రెట్లు తక్కువ బ్యాక్టీరియా సరిపోయాయి. ఆసిడ్ తగ్గించే బిళ్ళలు చాలాకాలం వాడేవాళ్ళకి పేగు ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ వస్తాయని కూడా తెలిసిందే. అవసరమైనవాళ్ళు మానెయ్యమని కాదు, మా నాన్నకి అవసరమే, కానీ అవి వేసుకుంటూ పెళ్ళి భోజనంలో మధ్యాహ్నం మిగిలిన సాంబారు రాత్రికి తినే పని మాత్రం పెట్టుకోవద్దని చెప్పా. వింటాడని కాదు.

అంబలి దగ్గరికి వద్దాం, ఎందుకంటే ఈ మధ్య వాట్సాప్‌లో చద్దన్నం, అంబలి, తరవాణి మీద పోస్టులు వరదలా వస్తున్నాయి, పులిసినదాంట్లో ఏ క్రిమీ బతకదు అమృతం అని. సగమే నిజం. పులిసినప్పుడు వచ్చేది లాక్టిక్ ఆసిడ్, పీహెచ్ 4 దగ్గర అందులో 10లో 4 వంతులు ప్రోటాన్ వదలకుండా ముడుచుకుని ఉంటాయి, అలా ఉన్నవి బ్యాక్టీరియా పొరలోంచి దొంగలా దూరిపోయి లోపలికెళ్ళాక ప్రోటాన్ వదులుతాయి, అందుకే అదే పీహెచ్ దగ్గర కడుపులోని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కంటే ఇది ఎక్కువ దెబ్బకొడుతుంది. అంతవరకూ నాన్నమ్మ గెలిచింది. కానీ అమెరికాలో 1991లో కాచకుండా అమ్మిన ఆపిల్ రసం తాగి ఈ. కోలైలో జబ్బు తెచ్చే ఓ157 అనే రకంతో జనం జబ్బుపడ్డారు, ఆ రసం పీహెచ్ 4 లోపే. బతికేసింది.

దీనికి కారణం నా మూడు వారాల గోలలోనే ఉంది, ముందుగా కబురందిందా లేదా. ఫాస్టర్, హాల్ అనే ఇద్దరు 1990లో సాల్మొనెల్లాతో చూపించారు, దాన్ని తిన్నగా పీహెచ్ 3.3లో వేస్తే దాదాపు చచ్చిపోతుంది, అదే ముందు 5.8లో, అంటే ఏదో కొంచెం పుల్లగా ఉన్నదాంట్లో కాసేపు ఉంచి తర్వాత 3.3లో వేస్తే చాలా మట్టుకు బతుకుతుంది. ఆ కాసేపట్లో తయారైపోతుంది. అంటే ఏదైనా పులవబెట్టేటప్పుడు ఆఖరికి ఎంత పులిసింది అన్నది ఒక్కటే కాదు, ఎంత తొందరగా పులిసింది అన్నది కూడా. నెమ్మదిగా పులిస్తే చెడ్డవాటికి సామాను సర్దుకునే టైం ఇచ్చినట్టు.

ఇది తట్టాక మళ్ళీ ఊరెళ్ళినప్పుడు నాన్నమ్మని కనిపెట్టి చూశా. రాత్రి చోడిపిండి నీళ్ళల్లో కలిపేటప్పుడు నిన్నటి పులిసిన నీళ్ళు ఒక గరిట అట్టేపెట్టి అందులో వంచుతుంది, కుండ కూడా సబ్బుతో తోమనివ్వదు, నేను ఒకసారి తోమితే రెండ్రోజులు మాటలు పడ్డా. ఎందుకలా అంటే, "నిన్నటిది ఎయ్యకపోతే అది ఎప్పుడు పులుస్తాది, ఈలోగా ఏటి సేరతాదో" అంది. ఏటి సేరతాదో! ఫాస్టర్, హాల్ పేపర్ నేను చదివింది ఎంఎస్సీలో, ఆవిడ బడి గుమ్మం ఎక్కలేదు.

సరే అని రెండు స్టీలు గ్లాసుల్లో పిండి కలిపా, ఒకదాంట్లో నిన్నటి నీళ్ళు ఒక చెంచా, రెండోదాంట్లో ఏమీ లేదు. సాయంత్రం ఆరుకి రెండూ 6 చూపించాయి. రాత్రి పదకొండుకి లేచి చూస్తే చెంచా వేసింది 5కి దిగింది, రెండోది అక్కడే ఉంది. పొద్దున్న ఆరుకి మొదటిది 4, రెండోది 5, బుడగలు మాత్రం రెండోదాంట్లోనే ఎక్కువ. ఈసారి తేటలోనే ముంచా లెండి. నేను అరుగు మీద కూర్చుని అంకెలు నోటుబుక్కులో రాసుకుంటుంటే నాన్నమ్మ వచ్చి మొదటి గ్లాసు నోట్లో పోసుకుని బాగుందన్నట్టు తలూపింది, రెండో గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని మొహం ముడిచి, నేను ఆగే ఆగే అంటున్నా వినకుండా, తీసుకెళ్ళి గేదె కుడితిలో పోసేసింది.